సాగర్ నీళ్ల కింద ఉన్న ఊరిని పాత టోపో షీట్లలో వెతకడం ఎలా

మీ ప్రశ్న చదివాను. నాన్నమ్మ వాళ్ల ఊరు నాగార్జునకొండ వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, నాగార్జునసాగర్ డ్యాం కట్టాక మునిగిపోయింది, ఇప్పుడు ఫోన్లో ఆ పేరు కొడితే నది నుంచి ఎంతో దూరంలో ఉన్న కాలనీ చూపిస్తోంది, అసలు ఊరు ఎక్కడుండేదో పాత టోపోగ్రాఫిక్ మ్యాపుల్లో, అంటే ఊళ్లూ దారులూ నేల ఎత్తుపల్లాలూ చూపించే సర్వే మ్యాపుల్లో (వీటినే టోపో షీట్లంటాం), దొరుకుతుందా, దొరికితే ఎలా చదవాలి, ఇదేగా మీరు అడిగింది. దొరుకుతుందండి. ముంపు ఊళ్లకి పాత పేరే పెట్టి కొత్త చోట కాలనీలు కట్టారు కాబట్టి ఇప్పటి మ్యాపులో పేరు వెతికితే ఎవరికైనా అలాగే తప్పు చోటు వస్తుంది, అది మీ తప్పేం కాదు. నేను చాలా ఏళ్లుగా ఈ షీట్లతోనే పని చేస్తున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు షీట్ నంబర్ సంగతి, ఇది తెలియకపోతే ఏ ఆఫీసుకెళ్లినా, ఏ ఆర్కైవ్‌లో వెతికినా పని కాదు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు దేశం మొత్తాన్ని నాలుగు డిగ్రీల పొడుగు, నాలుగు డిగ్రీల వెడల్పు గళ్లుగా కోసి ఒక్కో గడికి ఒక నంబర్ ఇచ్చారు. మన కృష్ణా లోయలో చాలా భాగం 56లో పడుతుంది, అంటే 16 నుంచి 20 డిగ్రీల అక్షాంశం, 76 నుంచి 80 డిగ్రీల రేఖాంశం. దాన్ని మళ్లీ పదహారు ముక్కలు చేసి ఏ నుంచి పీ దాకా అక్షరాలు పెట్టారు, ఒక్కో ముక్క ఒక డిగ్రీ. అక్షరాలు మనం చదివినట్టు ఎడమ నుంచి కుడికి పోవు, పై నుంచి కిందికి దిగుతాయి, ఏ కింద బీ, బీ కింద సీ, డీ అయ్యాక పక్క నిలువు వరసలో పైన ఈ మొదలవుతుంది. చాలామంది ఇక్కడే తప్పు షీట్ తెప్పించుకుంటారు. ఆ డిగ్రీ ముక్కని కూడా అదే పద్ధతిలో 1 నుంచి 16 దాకా పదిహేను నిమిషాల షీట్లుగా విడగొడతారు. హైదరాబాద్ 56కే/7, 56కే/11లో వస్తుంది, ఈ లెక్క మీకు అర్థమైందో లేదో దాంతో సరిచూసుకోండి.

ఇప్పుడు మీ లోయకి వద్దాం. నాగార్జునకొండ సుమారు 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తరం, 79 డిగ్రీల 14 నిమిషాల తూర్పు దగ్గర ఉంది. లెక్క వేస్తే 56పీ/2. కానీ షీట్ అంచులు 16 డిగ్రీల 30 నిమిషాల దగ్గరా, 79 డిగ్రీల 15 నిమిషాల దగ్గరా ఉన్నాయి, అంటే కొండ ఆ షీట్‌లో కింద కుడి మూలన ఉంది, తూర్పు అంచుకి కిలోమీటరు లోపు, దక్షిణపు అంచుకి రెండు కిలోమీటర్ల పైచిలుకు. లోయ మొత్తం చూడాలంటే 56పీ/2, పీ/3, పీ/6, పీ/7 నాలుగూ కావాలి, డ్యాం ఉన్నది పీ/6లో, మాచర్ల ఉన్నది పీ/7లో. ఒక్క షీట్ తెచ్చుకుని ఊరు లేదని వదిలేసినవాళ్లని చూశాను, ఊరు పక్క షీట్‌లో అంచు దాటగానే ఉండేది. ఇదే శ్రీశైలం ముంపు అయితే జలాశయం 16వ అక్షాంశానికి అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది, కొంత 56లో, కొంత 57లో వెతకాలి, ఆ వైపు బంధువులు ఎవరైనా ఉంటే వాళ్లకి చెప్పండి.

తర్వాత మీకు కావాల్సింది అంగుళం షీట్, అంటే ఒక మైలుకి ఒక అంగుళం, 1:63,360 స్కేలు. 1950ల చివర నుంచి మెట్రిక్‌కి మారి 1:50,000 షీట్లు వచ్చాయి, అవి స్పష్టంగా ఉంటాయి, కానీ సాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు, ఆ తర్వాత సర్వే చేసిన మెట్రిక్ షీట్‌లో మీ ఊరి చోట నీలం రంగే కనిపిస్తుంది. క్వార్టర్ ఇంచ్ షీట్, అంటే అంగుళానికి నాలుగు మైళ్లది, చిన్న ఊళ్లని వదిలేస్తుంది, అది దారి తెలుసుకోడానికి మాత్రమే.

షీట్ చేతికి రాగానే అందరూ మధ్యలో ఊరి పేరు వెతకడం మొదలెడతారు. నేను మాత్రం ముందు అంచులు చదవమంటాను, గట్టిగా చెప్తున్నాను, సగం సమాచారం అక్కడే ఉంది. ప్రచురించిన సంవత్సరం వేరు, సర్వే చేసిన సంవత్సరం వేరు, రెండిటి మధ్య చాలా ఏళ్లు తేడా ఉండొచ్చు. రోడ్లు మాత్రమే కొత్తగా దిద్ది పాత సర్వేనే మళ్లీ అచ్చేసిన షీట్లు కూడా ఉంటాయి. షీట్‌లో ఏ భాగం ఏ సంవత్సరం సర్వేదో చూపించే చిన్న పటం ఒకటి అంచున ఉంటే దాన్ని తప్పకుండా చూడండి, ఎందుకంటే ఇక్కడ కృష్ణ అంటే ఉత్తరాన నిజాం రాజ్యం, దక్షిణాన మద్రాసు ప్రెసిడెన్సీ, నది మధ్యలోనే సరిహద్దు నడిచేది, రెండు ఒడ్లూ ఒకే ఏడు కొలిచారని ముందే అనుకోకూడదు. ఒక ఒడ్డున ఊళ్లు దట్టంగా, ఇంకో ఒడ్డున ఖాళీగా కనపడితే అక్కడ మనుషులు లేరు అనుకునే ముందు సర్వే సంవత్సరం చూడాలి.

ఇంకో మాట. లోయలో శిథిలాలు 1926లో ఏ.ఆర్. సరస్వతి చూసి చెప్పేదాకా ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడుందని బయట ప్రపంచానికి తెలీదు, 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వాడు, ముంపుకి ముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. కాబట్టి 1926కి ముందు సర్వే చేసిన షీట్‌లో స్తూపాలూ విహారాలూ పురాతన కట్టడాలుగా గుర్తించి ఉంటాయని ఆశించకండి. సర్వేయర్ దిబ్బ అనుకుంటే దిబ్బే గీశాడు, రాళ్లగుట్ట అనుకుంటే రాళ్లగుట్టే. అలా చూస్తే మ్యాపు ఆ నేల గురించి ఎంత చెప్తుందో, దాన్ని గీసినవాడికి ఏం తెలుసో కూడా అంతే చెప్తుంది.

ఇక మధ్యలోకి వద్దాం. ఊరు అంటే ఎర్ర చిన్న చిన్న గళ్ల గుంపు, పక్కన పేరు, పేరు అక్షరాల సైజుని బట్టి ఊరు ఎంత పెద్దదో ఒక అంచనా వస్తుంది. పసుపు ఉంటే సాగు భూమి, ఆకుపచ్చ అడవి, గోధుమ రంగు గీతలు కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు. వాగులో ఏడాది పొడుగునా నీళ్లుంటే నీలం, ఎండిపోయే వాగైతే నలుపు, ఇది చూసి పారిపోకండి, మన లోయల్లో వాగులు చాలామటుకు నల్లగానే ఉంటాయి. చెరువు కట్ట పక్కన ఒక అంకె, దాని పక్కన చిన్న ఇంగ్లీషు ఆర్ అక్షరం ఉంటే అది చుట్టూ ఉన్న నేల కంటే కట్ట ఎన్ని అడుగులు ఎత్తుగా ఉందో చెప్పేది, సముద్ర మట్టం నుంచి ఎత్తు కాదు. త్రికోణం గుర్తు కొండల మీద ఉంటుంది, అది సర్వే స్టేషన్. ఆ స్టేషన్ల వెనకున్న లెక్క అంతా 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వేయర్ మద్రాసు దగ్గర బేస్‌లైన్, అంటే మొదటి ఆధార రేఖ, కొలిచి మొదలెట్టిన త్రిభుజాల పని నుంచి వచ్చిందే. ఆ పనిలోనే లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్‌ని 1819లో కృష్ణా గోదావరి మధ్య అడవుల్లోకి పంపితే విషజ్వరాలతో మంచం పట్టాడు, కోలుకోడానికి 1820లో ఆఫ్రికా చివర కేప్‌కి వెళ్లాల్సొచ్చింది, ఆయన కింద పనిచేసిన మనవాళ్లు ఎంతమంది ఆ జ్వరాలకి పోయారో వాళ్ల పేర్లు మాత్రం ఏ షీట్ అంచునా ఉండవు.

ముంపు ఊరు వెతికేవాళ్లకి ఊరి గుర్తు కంటే దారులు ఎక్కువ పనికొస్తాయని నా అనుభవం. ఊళ్లోంచి ఒక బండి దారి బయల్దేరి కాంటూర్లు ఒక్కొక్కటీ దాటుకుంటూ నది వైపు దిగి, ఇసుక చుక్కల దగ్గర ఆగిందనుకోండి, ఎదుటి ఒడ్డున సరిగ్గా అదే చోట ఇంకో దారి మొదలైతే అది రేవు, పుట్టి వేసి దాటే చోటు. ఆ దారి వెనక్కి పట్టుకుని వెళ్తే సంత ఎక్కడ చేసేవాళ్లో, పిల్లనిచ్చిన ఊళ్లు ఏవో తెలుస్తుంది. నాన్నమ్మ గారు బతికి ఉంటే ఊరి పేరు ఒక్కటే అడగకండి, మాచర్లకి ఏ పక్కనుంచి పోయేవాళ్లు, నీళ్లకి వాగుకా నదికా, పొద్దున సూర్యుడు ఏ కొండ వెనక నుంచి వచ్చేవాడు, ఇవి అడగండి. ఆవిడ చెప్పే కొండ షీట్ మీద త్రికోణంతో ఉండొచ్చు, ఆ కొండకి పడమటి పక్కన ఊళ్లు రెండో మూడో మాత్రమే మిగుల్తాయి. పేరు స్పెల్లింగ్ కోసం తల పగలగొట్టుకోడం కంటే ఇది చాలా నయం, అప్పటివాళ్లు మన పేర్లని చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు, కృష్ణనే కిస్ట్నా అని రాశారు.

ఇప్పుడు అసలు ముఖ్యమైన పని. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అంగుళం షీట్లలో కాంటూర్లు చాలావరకు 50 అడుగులకి ఒకటి ఉంటాయి, ఎన్ని అడుగులకో అంచున రాసి ఉంటుంది, చూసుకోండి. అంటే 550 గీత, 600 గీత ఉంటాయి, మీ నీటి అంచు 600 గీతకి కొంచెం లోపల పడుతుంది. ఒక ట్రేసింగ్ కాగితం పెట్టి, లేకపోతే కంప్యూటర్లో ఒక లేయర్ పెట్టి, 600 గీతని పెన్సిల్‌తో ఆ నాలుగు షీట్ల మీదా గీసుకుంటూ పొండి. కొండలు నిటారుగా ఉన్న చోట 590కి 600కి తేడా కనపడదు, నేల చదునుగా ఉన్న చోట మాత్రం ఆ పది అడుగులే పొలాలకి పొలాలు అవుతాయి, అక్కడ రెండు గీతల మధ్య దూరాన్ని ఐదు భాగాలు చేసి 600 నుంచి ఒక భాగం లోపలికి రండి. నాగార్జునకొండ లోయకి మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ, ఆ గీత గీయడం పూర్తయ్యాక లోయ ఎందుకు మొత్తం నిండిపోయిందో, కొండ తల ఒక్కటే ద్వీపంగా ఎందుకు మిగిలిందో మీకే కనపడుతుంది. శ్రీశైలానికైతే 885 అడుగులు, అక్కడ 850కి 900కి మధ్య ఇదే పని.

దీన్ని ఇప్పటి శాటిలైట్ ఎత్తుల డేటాతో చేసేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చేయలేం. అమెరికా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో ఆ ఎత్తులు 2000 ఫిబ్రవరిలో కొలిచారు, అప్పటికే అక్కడ నీళ్లు, రాడార్‌కి నీటి పైభాగం తప్ప అడుగు కనపడదు, ఆ డేటాలో జలాశయం బల్లపరుపుగా ఉంటుంది. కాబట్టి మామూలు మనిషికి అందుబాటులో ఉన్నవాటిలో నీళ్ల కింద నేల ఎత్తుపల్లాలు చెప్పేది ఈ పాత కాంటూర్లే. అందుకే ఈ షీట్లు పాతబడ్డాయని పారేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, చిరిగిపోయినవైనా సరే స్కాన్ చేసి ఉంచాలి.

స్కాన్‌ని ఇప్పటి మ్యాపు మీద కూర్చోబెట్టడం గురించి. క్యూజీఐఎస్ అని మ్యాపుల పనికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో స్కాన్‌కి అక్షాంశ రేఖాంశాలు తగిలించే జియోరిఫరెన్సర్ ఉంది. నాలుగు మూలలే కాకుండా షీట్ మీద ఐదేసి నిమిషాలకి గీతలు కలిసే చోట్లన్నీ పాయింట్లుగా ఇవ్వండి, మొత్తం పదహారు వస్తాయి, కాగితం తడికీ ఎండకీ సాగి ఉంటుంది కాబట్టి నాలుగు మూలలు చాలవు. పాయింట్లు ఇచ్చేటప్పుడు మామూలు జీపీఎస్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు ఏ ఆధారం నుంచి లెక్కేశారో చెప్పేది) పెట్టకండి, ఈ షీట్లు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్, అంటే ఆయన లెక్కగట్టిన భూమి ఆకారం, మీద గీసినవి, కలియాన్‌పూర్ డేటమ్ ఎంచుకోండి, కోడ్ 4146 పెట్టుకుంటే మన పనికి సరిపోతుంది. అది మార్చకపోతే మన ప్రాంతంలో రెండు వందల మీటర్ల దాకా పక్కకి పడుతుంది, రెండు వందల మీటర్లంటే పల్లెటూరు మొత్తం వాగు అవతలికి పోతుంది. మీ చేతికొచ్చింది 1900కి ముందు షీట్ అయితే ఇంకా జాగ్రత్త, అప్పట్లో మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశం కొంచెం ఎక్కువ పట్టి లెక్కేశారు, ఆ షీట్లలో రేఖాంశం నుంచి సుమారు 2 నిమిషాల 27 సెకన్లు తీసెయ్యాలి, మన అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్ల పైన. కొన్నిటి అంచున ఈ సవరణ నోట్ అచ్చేసి ఉంటుంది, అందుకే అంచులు చదవమన్నాను.

కూర్చోబెట్టాక సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి కదలని వాటితో పోల్చండి, కొండ శిఖరాలు, మునగని ఊళ్ల గుళ్లు, వాగులు కలిసే చోట్లు. నది ఇసుక మేటలతో పోల్చొద్దు, అవి ప్రతి వరదకీ మారతాయి. ఇంకో మంచి పద్ధతి, సెంటినెల్ శాటిలైట్ ఫోటోలు 2015 నుంచి ఫ్రీగా ఉన్నాయి, కరువొచ్చి సాగర్ నీటిమట్టం 510 అడుగుల దగ్గరికి దిగిన నెలల ఫోటోలు చూడండి, ఒడ్డున బయటపడ్డ నేల మీద పాత చెరువు కట్టలూ బాటలూ గీతల్లా కనపడే అవకాశం ఉంది, షీట్ మీది గీత దాని మీద పడితే ఇక సందేహం అక్కర్లేదు. శ్రీశైలంలో నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, ఆ వైపు వాళ్లకి పోల్చి చూసుకోడానికి అదే మంచి గుర్తు.

షీట్లతో పాటు కరోనా ఫోటోలు కూడా చూడమంటాను, వైరస్ కాదండి, అమెరికా గూఢచారి ఉపగ్రహాల పేరు. 1960 నుంచి 1972 దాకా తీసిన ఫిల్మ్‌ని 1995లో బయటపెట్టారు, అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో మీ ప్రాంతం గీసి వెతకొచ్చు. ముందే ఎవరో స్కాన్ చేయించినవి ఫ్రీగా దిగుతాయి, లేనివాటికి డబ్బు కట్టాలి. లోయలో నీళ్లు నిండకముందు తీసిన ఫ్రేమ్ మబ్బు లేకుండా దొరికితే అది మీ అదృష్టం, షీట్ మీద ఎర్ర గళ్లుగా ఉన్న ఊరు అందులో నిజంగా కనపడుతుంది, పొలం గట్లతో సహా. శ్రీశైలం 1980ల్లో నిండింది కాబట్టి ఆ వైపు వాళ్లకి అవకాశం ఇంకా ఎక్కువ.

ఎక్కడ దొరుకుతాయి అంటే, సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్లో లాగిన్ అయ్యి ఓపెన్ సిరీస్ మ్యాపులు దించుకోవచ్చు, కానీ అవి కొత్తవి, వాటి నంబర్లు కూడా వేరే పద్ధతి, ఈ44తో మొదలవుతాయి, నేపథ్యానికి పనికొస్తాయి తప్ప మునిగిన ఊరు చూపించవు. పాతవాటి కోసం హైదరాబాద్ ఉప్పల్లో ఉన్న సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసులో షీట్ నంబర్ చెప్పి అడగండి, పాత యూనివర్సిటీల జాగ్రఫీ, జియాలజీ డిపార్ట్‌మెంట్ల బీరువాల్లో కూడా చాలా ఉంటాయి, ప్రొఫెసర్‌కి ఒక ఉత్తరం రాసి మర్యాదగా అడిగితే చూడనిస్తారు. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్‌లో పాత మ్యాపులు వెతకండి. ఇంట్లో కూర్చుని వెంటనే చూడాలంటే అమెరికా సైన్యం 1950ల్లో వేసిన 1:250,000 షీట్లు టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, మీది ఎన్ఈ 44 వరసలో వస్తుంది, చిన్న స్కేలే అయినా డ్యాం లేని కృష్ణ ఎలా పారేదో కనపడుతుంది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి, టోపో షీట్‌లో సర్వే నంబర్లు ఉండవు, మీ తాతల భూమి హద్దులు అందులో దొరకవు, నష్టపరిహారం వ్యవహారాలకి అది సాక్ష్యంగా నిలవదు. దానికి రెవెన్యూ రికార్డులే. దక్షిణపు ఒడ్డయితే ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం), ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్ అడగాలి, ఉత్తరపు ఒడ్డయితే సేత్వార్ (అక్కడి సెటిల్‌మెంట్ రిజిస్టరు), టిప్పన్ (కొలతల పటం), 1954-55 ఖాస్రా పహాణీ అడగాలి. ఇక్కడ జిల్లాలు మారిన సంగతి గుర్తుపెట్టుకోండి. మాచర్ల వైపు ఇప్పుడు పల్నాడు జిల్లా, 2022 దాకా గుంటూరు. ఇంకాస్త ఎగువన ఎర్రగొండపాలెం వైపు ఒడ్డయితే అప్పట్లో మార్కాపురం తాలూకా, అది 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది, కాబట్టి ముంపు నాటి కాగితాలు కర్నూలు రికార్డుల్లో ఉండొచ్చు, ఒంగోలులో లేవన్నారని ఆగిపోకండి. గుంటూరు వైపు ఊళ్లకి మెకంజీ కైఫీయత్తులు, అంటే కల్నల్ మెకంజీ అనే బ్రిటిష్ సర్వేయర్ సేకరింపజేసిన ఊరి చరిత్రలు, కూడా చూడండి, కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించినవి, ఊరి గుడి, చెరువు, ఎవరు వేయించారు, అన్నీ తెలుగులోనే ఉంటాయి, షీట్ మీద చుక్కలా కనపడే గుడికి అక్కడ కథ దొరకొచ్చు.

ఇంకా ఏదైనా ఇరుక్కుంటే ఇక్కడే అడగండి. ఊరి పేరు, ఉత్తరపు ఒడ్డా దక్షిణపు ఒడ్డా, నాన్నమ్మ గారికి గుర్తున్న కొండ లేదా వాగు పేరు, ఈ మూడూ రాస్తే ఆ నాలుగు షీట్లలో ముందు ఏది చూడాలో చెప్తాను. స్కాన్ పెట్టేటట్టయితే మాత్రం అంచులు కత్తిరించకుండా మొత్తం షీట్ పెట్టండి, ఫోన్‌తో ఫోటో తీస్తే మూలలు నాలుగూ ఫ్రేమ్‌లో ఉండాలి.